శ్రీకాకుళంలో ఉచితంగా కష్టం వినే ఫోన్ లైన్: సేవ ఎలా ఉంది, ఖర్చు ఎలా నడుస్తోంది

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక స్కానింగ్ సెంటర్ పైన మేడ మీద రెండు గదులున్నాయి. అక్కడ వాలంటీర్లు కూర్చుని ఫోన్‌లో మనుషుల కష్టం వింటారు. ఫీజు లేదు, పేరు అడగరు, ఊరు అడగరు. ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది దాకా, ఆదివారం మాత్రం మధ్యాహ్నం దాకా ఫోన్ ఎత్తుతారు. సంస్థ పేరు నేను రాయడం లేదు. ఉన్నవి రెండే లైన్లు. పేరు వాట్సాప్‌లో తిరిగితే నిజంగా అవసరమైనవాళ్లకి లైన్ దొరకదని వాళ్లే వద్దన్నారు. ఆసుపత్రుల్లో, డయాలసిస్ సెంటర్ల బయట, కాలేజీ హాస్టళ్లలో వాళ్ల చిన్న పసుపు కాగితం అంటించి ఉంటుంది. అవసరమైనవాళ్ల కంట అది పడుతుంది.

నా సంగతి ముందే చెప్పాలి. నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ట్రస్టుల, సొసైటీల లెక్కలు చూస్తాను. ఈ లైన్‌కి మొదట ఫోన్ చేశాను, తర్వాత నెలనెలా కొంత డబ్బు కట్టడం మొదలుపెట్టాను, ఇప్పుడు వాళ్ల పుస్తకాలు కూడా నేనే రాసిపెడుతున్నాను. డబ్బు తీసుకోను. లెక్కల సంగతులు వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. నేను బయటి మనిషిని కాదని తెలుసుకునే ఇది చదవండి.

మాది ఉద్దానం, కవిటి వైపు. మన జిల్లావాళ్లకి ఆ మాట చాలు. బయటివాళ్లకి చెప్పాలంటే, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస చుట్టుపక్కల ఊళ్లలో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు మనుషుల్ని తినేస్తోంది. ఎందరో వచ్చి పరీక్షలు చేశారు, కారణం ఇదీ అని గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. మా అన్నయ్యకి జబ్బు అంతకుముందే ముదిరింది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉండి శ్రీకాకుళంలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. వదిన ఊళ్లో జీడితోట చూసుకుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి చెట్లనీ జీడి చెట్లనీ పడగొట్టేసింది. ఆ అప్పు ఇంకా తీరలేదు, తోట వదిలి ఆవిడ ఎలా వస్తుంది?

ఇంట్లో అన్నయ్యకి ఒంట్లో బాధ, వదినకి అప్పు బాధ, అమ్మకి కొడుకు బాధ. అందరిలోకీ నాకే తక్కువ కష్టం. అందుకే నోరు తెరిచి చెప్పుకోవడానికి నాకు హక్కు లేదనిపించేది. రోగిని చూసుకునే మనిషి ఎవరిని అడిగినా ఇలాగే చెబుతారు. పసుపు కాగితం మీద నంబరుకి ఫోన్ చేసింది డయాలసిస్ సెంటర్ బయట బెంచీ మీద కూర్చునే.

అవతల ఒక పెద్దాయన గొంతు. "సెప్పమ్మా, నానింటున్నాను" అన్నారు. అచ్చం మా ఊరి మాట. నేను ఎక్కడెక్కడివో చెబుతూ పోయాను. ఆయన మధ్యలో అడ్డు రాలేదు, సలహా ఇవ్వలేదు. ఒకచోట మాత్రం, "మీ అన్నయ్యని లోపలికి తీసుకెళ్లాక ఆ నాలుగు గంటలూ నువ్వేటి చేస్తావు తల్లీ?" అని అడిగారు. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. లోపల ఏదో ఒక మెషిన్ అలారం మోగుతూ ఉంటుంది, మోగినప్పుడల్లా అది అన్నయ్యదేనేమో అని వింటూ కూర్చుంటానని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. లైన్‌లోనే ఉన్నారని ఊపిరి చప్పుడు వినబడుతోంది. తర్వాత, "నాలుగు గంటలూ అలాగే ఇంటావన్నమాట" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. అన్నయ్యని బయటికి తీసుకొచ్చే వేళకి కాస్త తేలిగ్గా ఉన్నాను. ఈ సేవ చేసేది అంతే. అంత చేస్తుంది.

చెయ్యనివి కూడా చెప్పాలి. వాళ్లు డాక్టర్లు కాదు, మందుల గురించి మాట్లాడరు, అప్పు ఇప్పించరు, మొగుడితో రాజీ కుదర్చరు. ఎవరైనా చచ్చిపోవాలనుందని అంటే ఆ మాట దాటవేయకుండా నేరుగా అడుగుతారు, మనిషిని ఫోన్‌లోనే ఉంచి, ఇంట్లో ఎవరున్నారో కనుక్కుని, 14416కో 108కో కలుపుతారు. 14416 అంటే టెలి మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన లైన్, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ముందుండి నడిపిస్తోంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, కావాలంటే మానసిక వైద్యుడి దాకా కలుపుతారు, డబ్బు అక్కర్లేదు. ఒక రాత్రి నేనూ దానికి ఫోన్ చేశాను, ఎత్తిన అమ్మాయి బాగా మాట్లాడింది. అది ఉండగా ఈ మేడ మీద గది ఎందుకని మా ఆఫీసులోనే ఒకరు అడిగారు. అక్కడ ఉన్నది జీతం మీద పనిచేసే కౌన్సెలర్లు, వాళ్ల పని సమస్య ఏమిటో పట్టుకుని చికిత్స వైపు నడిపించడం. నాకు జబ్బు లేదు. నాకు కావలసింది తొందర లేకుండా వినే మనిషి. రెండూ ఉండాలి.

లోపాలున్నాయి. సాయంత్రం ఆరు తర్వాత లైన్ దొరకడం కష్టం, ఇంట్లో ఆడవాళ్లకి తీరిక దొరికేదేమో అప్పుడే. ఆడగొంతు కావాలని అడిగితే చాలాసార్లు "రేపు ఉదయం చేస్తారా అమ్మా" అంటారు. రాత్రి ఎనిమిది తర్వాత ఎవరూ లేరు. ఒకసారి ఫోన్ ఎత్తినావిడ నేను రెండు మాటలు చెప్పీ చెప్పకముందే దేవుడి మీద భారం వెయ్యమన్నారు, నేను ఫోన్ పెట్టేశాను. ఆ సంగతి సంస్థకి చెబితే విసుక్కోకుండా రాసుకున్నారు, ఆవిడకి మళ్లీ ట్రైనింగ్ ఇచ్చాకే ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. ఒకటి మాత్రం చాలా బాగా ఆలోచించారు. వాళ్లంతట వాళ్లు తిరిగి ఫోన్ చెయ్యరు. కాల్ కట్ అయినా చెయ్యరు, మనం చెయ్యమని ముందే చెబితే తప్ప. ఆ ఫోన్ మొగుడో అత్తగారో ఎత్తితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు.

ఇక డబ్బు సంగతి. ఈ సమీక్ష రాయడానికి కూర్చున్నదే దీనికోసం.

నాకు ఊరట దొరికాక ఏమైనా ఇవ్వాలనిపించి మేడ ఎక్కాను. ముందు గదిలో బల్ల దగ్గర ఒకావిడ రసీదు పుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. ఫోన్లు లోపలి గదిలో, తలుపు వేసి ఉంది. "మీ లైన్‌కి నేను ఫోన్ చేశానండీ, అప్పుడు..." అని మొదలుపెట్టగానే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, "ఆ మాట ఇక్కడ చెప్పక్కర్లేదమ్మా" అన్నారు. డబ్బు తీసుకునేవాళ్లకి ఫోన్ చేసినవాళ్లు ఎవరో తెలియకూడదు, ఫోన్ ఎత్తేవాళ్లకి డబ్బు ఇచ్చేవాళ్లు ఎవరో తెలియకూడదు. ఇది వాళ్ల నియమం. ఫోన్‌లో విరాళం మాట ఎప్పుడూ ఎత్తరు. నాకు ఈ నియమం ఎంత నచ్చిందో చెప్పలేను. కష్టంలో ఉన్న మనిషికి, విన్నందుకు ఏదో బాకీ పడ్డానన్న భావన పెడితే రెండోసారి ఫోన్ చెయ్యదు. పైగా ఆ మనిషి చేతిలో ఆ రోజు డయాలసిస్ సెంటర్‌కి వెళ్లే ఆటో డబ్బులు కూడా ఉండకపోవచ్చు.

బల్ల వెనక గోడకి ఆ నెల లెక్క కాగితం అంటించి ఉంది. చేతిరాతతో, తెలుగులో. కోఆర్డినేటర్ జీతం, అద్దె, కరెంటు, రెండు ఫోన్లు, నెలకోసారి విశాఖ నుంచి వచ్చి వాలంటీర్లతో కూర్చునే సైకాలజిస్టు గారి ఫీజు, టీ, వాలంటీర్ల బస్సు చార్జీలు. అన్నీ కలిపి నెలకి 60,000 లోపు. ఉచిత సేవకి ఇంత ఖర్చేమిటని చూసినవాళ్లు అంటారట. ముఖ్యంగా బస్సు చార్జీల దగ్గర: వాలంటీరు అన్నాక చార్జీలెందుకు?

ఎందుకంటే, చార్జీలు ఇవ్వకపోతే బండి ఉన్నవాళ్లు, ఊళ్లో సొంతిల్లు ఉన్నవాళ్లు మాత్రమే వస్తారు. ఆమదాలవలస నుంచి, ఎచ్చెర్ల నుంచి, నరసన్నపేట నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు రెండు నెలలకి మానేస్తారు. "నానింటున్నాను" అనే గొంతు మానేస్తుంది. నాకు ఆ రోజు ఊరట దొరకడానికి ఆ మాట తీరు సగం కారణం. ఆ సగం ఖర్చు ఈ గోడ మీద బస్సు చార్జీల పద్దులో ఉంది. సైకాలజిస్టు ఫీజు కూడా అలాంటిదే. రోజంతా ఇతరుల దుఃఖం విని ఇంటికి వెళ్లే మనిషికి ఆ దుఃఖం దించుకునే చోటు లేకపోతే వాలంటీర్లు ఒక్కొక్కరే జారిపోతారు. కొత్తవాళ్లని వెతికి మళ్లీ నేర్పాలంటే అంతకన్నా ఎక్కువ ఖర్చు.

వాలంటీర్లు వినడం అనే పద్ధతికి కూడా ఒక కథ ఉంది, వాళ్ల ట్రైనింగ్‌లో చెబుతారు. 1953లో లండన్‌లో చాద్ వారా అనే చర్చి గురువు, చచ్చిపోవాలనుకునేవాళ్లు తనకి ఫోన్ చెయ్యవచ్చని ప్రకటించాడు. చాలామంది వచ్చేవారు. ఆయన కోసం ఎదురుచూస్తున్నవాళ్లకి టీ ఇచ్చి కూర్చోబెట్టడానికి కొందరు మామూలు మనుషులు సాయం ఉండేవారు. వాళ్లతో మాట్లాడాక చాలామందికి ఇక ఆయనతో పని ఉండేది కాదు. కొన్ని నెలలకే, 1954లో, వినే పనంతా ఆ వాలంటీర్లకే అప్పగించాడు. సమారిటన్స్ అలా పుట్టింది. మన దక్షిణాదిలో 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ మొదలుపెట్టిన స్నేహ, హైదరాబాద్‌లో రోష్నీ ఆ దారిలోవే. చదువుకున్న నిపుణుడు లేకుండా కూడా వినడం పనిచేస్తుందని తెలిశాక, ఖర్చేమీ ఉండదని అనుకోవడం సులువు. సమారిటన్స్‌లో అయినా ఊరూరా ఉన్న శాఖలు తమ ఖర్చుకి తామే చందాలు పోగుచేసుకుంటాయి.

మా మేడ మీద గదికి కొన్నేళ్ల క్రితం పెద్ద దెబ్బ తగిలింది. పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీ ఉన్న ఒక కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద డబ్బు ఇచ్చింది. చట్టం ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1000 కోట్లు, లేదా లాభం 5 కోట్లు ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి పెట్టాలి, తన చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. మంచి చట్టమే. ఆ డబ్బుతో కంప్యూటర్లు, కుర్చీలు, మెరిసే బోర్డు వచ్చాయి, రాత్రి లైన్ కూడా మొదలైంది. ఆ తర్వాత కంపెనీవాళ్లు ఇకమీదట బడి భవనాలకే ఇవ్వాలని నిర్ణయించుకున్నారు. అది వాళ్ల ఇష్టం, తప్పు పట్టలేం. కానీ ఇక్కడ రాత్రి లైన్ ఆగిపోయింది. కోఆర్డినేటర్ కొన్ని నెలలు జీతం లేకుండా పనిచేసింది. రాత్రిపూట ఫోన్ చెయ్యడం అలవాటైనవాళ్లు ఫోన్ చేసి, మోగి మోగి ఆగిపోతే ఏమనుకుని ఉంటారో అని ఆవిడ ఇప్పటికీ బాధపడుతుంది. ఇలాంటి సేవని మొదలుపెట్టి ఆపెయ్యడం, అసలు మొదలుపెట్టకపోవడం కన్నా ఎక్కువ హాని చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే ఇప్పుడు వాళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: జీతం, అద్దె, ఫోన్లు, చార్జీలు నెలనెలా ఇచ్చే చిన్న మొత్తాలతోనే నడవాలి. పెద్ద డబ్బు వస్తే దాన్ని ఒక్కసారి అయ్యే ఖర్చుకి, లేదా నిల్వకి. నెలకి 200 రూపాయలు ఇచ్చేవాళ్లు 300 మంది ఉంటే 60,000. పది మంది ఒకేసారి మానేసినా 2,000 తగ్గుతుంది, ఒక ఫోన్ కూడా ఆగదు. ఇప్పుడు అందులో సగానికి కాస్త పైగా ఉన్నారు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, పొందూరు ఖద్దరు అమ్మే ఒకాయన, విదేశాల్లో షిప్పుల్లో పనిచేసే మన కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు. విదేశంలో ఉన్నవాళ్లు కూడా భారత పౌరులై ఉండి, ఇక్కడి తమ బ్యాంకు ఖాతా నుంచి కడుతున్నారు. విదేశీయుల నుంచో, విదేశీ సంస్థల నుంచో తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ కావాలి, దానికోసం ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరవాలి. ఇంత చిన్న సంస్థ ఆ బరువు ఎత్తుకోకపోవడమే మంచిదని నేనే చెప్పాను.

విరాళానికి ఆదాయ పన్నులో మినహాయింపు అడగడానికి పనికొచ్చే 80జి రసీదు ఇస్తారు. కానీ ఒక సంగతి చాలామందికి తెలియదు. 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే మామూలుగా వర్తిస్తోంది, అందులో ఈ మినహాయింపు లేదు. పాత విధానంలో ఉన్నవాళ్లకే లాభం, వాళ్లకైనా 2,000 దాటి నగదుగా ఇస్తే రాదు. పన్ను తగ్గుతుందని చెప్పి చందా అడిగే రోజులు పోతున్నాయి. ఈ పని ఎందుకు ఆగకూడదో చెప్పే అడగాలి.

నిల్వ మాటకొస్తే, గుళ్లో శాశ్వత పూజకి డబ్బు కట్టినట్టు ఒక మూలనిధి పెట్టుకుంటే ఆ వడ్డీతో నడిచిపోతుంది కదా అని ఒక పెద్దాయన అన్నారు. మంచి ఆలోచనే, కానీ లెక్క వేస్తే లక్ష రూపాయలకి 7 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 7,000, నెలకి ఆరొందలు కూడా రావు. నెలకి 60,000 వడ్డీ రావాలంటే కోటి రూపాయలు పైగా కావాలి. శ్రీకాకుళంలో అది ఇప్పట్లో అయ్యే పని కాదు. మూలనిధి అద్దె వరకు మోస్తే అదే గొప్ప. ట్రస్టులకి ఇంకో ఇబ్బంది ఉంది. పన్ను పడకుండా ఉండాలంటే వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు పెట్టాలి, 15 శాతం మిగుల్చుకోవచ్చు. ఇంకా దాచాలంటే ఎందుకో చెప్పి ఫారం వేసి, ఐదేళ్లలో ఖర్చు చెయ్యాలి. మూలనిధికి అని దాత రాతపూర్వకంగా ఇస్తే దాని దారి వేరు. కాబట్టి ఏ రసీదు మీద ఏం రాశారో చాలా ముఖ్యం. ఆరు నెలల ఖర్చు నిల్వ ఉండాలని మేం పెట్టుకున్న గురి. ఇప్పుడు నాలుగు నెలలది ఉంది.

మరో ఆదాయం నాకు చాలా నచ్చింది. నర్సింగ్ కాలేజీలకి, బళ్లకి, ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్లకి వెళ్లి, మనిషి చెప్పేది ఎలా వినాలో ఒక రోజు నేర్పి ఫీజు తీసుకుంటారు. దాని లెక్క వేరే పుస్తకంలో. తెలిసిన విద్య అమ్ముకుంటున్నారు, ఫోన్ చేసినవాళ్ల కష్టాన్ని కాదు. ఇది ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, అమెరికాలో క్రైసిస్ టెక్స్ట్ లైన్ అని మెసేజ్‌ల మీద నడిచే పెద్ద ఉచిత సేవ ఉంది. పేర్లు తీసేసిన సంభాషణల సమాచారాన్ని తన అనుబంధ వ్యాపార సంస్థకి పంచుకుంటోందని 2022 జనవరిలో బయటపడింది. జనం మండిపడ్డారు, కొద్ది రోజుల్లోనే ఆ ఏర్పాటు ఆపేశారు. పేర్లు తీసేశాం కదా అని వాళ్లు అన్నారు. నా అలారం చప్పుడు మాట పేరు లేకుండా అయినా ఒక కంపెనీ చేతికి వెళ్తుందని తెలిస్తే నేను ఆ బెంచీ మీద ఫోన్ తీసేదాన్ని కాదు. ఇంటర్నెట్‌లో కష్టం వినే సెవెన్ కప్స్ లాంటివి ఇంకో దారి పట్టాయి, వాలంటీర్లు వినడం ఉచితం, థెరపీ కావాలంటే డబ్బు కట్టాలి. అది నిజాయితీ ఉన్న దారే కానీ మన దగ్గర, ఉచితంగా విన్న మనిషే తర్వాత డబ్బు కట్టే సేవ గురించి చెబితే నమ్మకం పోతుంది. ఇక్కడ ఆ పని వద్దు.

ఒక విషయంలో నాకూ కమిటీకీ ఇంకా పడటం లేదు. ఇంటి యజమాని మంచివాడు, సేవాపని అని అద్దె బాగా తగ్గించి ఇచ్చాడు. కమిటీ సంతోషిస్తోంది. పూర్తి అద్దె ఇచ్చి అగ్రిమెంటు రాయించుకోమని నేనంటాను. దయ మీద ఉన్న గది ఏ కొడుకు పెళ్లికో ఖాళీ చెయ్యాల్సి వస్తుంది. నంబరు మారకపోయినా చోటు మారితే వాలంటీర్ల బస్సులు మారతాయి, రోజులు మారతాయి, సగం మంది రారు.

సేవకి నేనిచ్చేది ఐదుకి నాలుగు. ఆ ఒకటి రాత్రి లైన్‌ది. అది మళ్లీ మొదలవ్వాలంటే రాత్రిపూట భద్రంగా ఇంటికి చేర్చే ఆటో ఖర్చు, ఇంకో సగం జీతం కావాలి. కనీసం రెండేళ్ల ఖర్చు చేతిలో కనబడే దాకా మొదలుపెట్టబోమని కోఆర్డినేటర్ అంటోంది. ఆవిడ మాటే సరైనది.

డబ్బు ఇవ్వాలనుకునేవాళ్లకి ఒక మాట. ఫ్యాన్లు, కుర్చీలు, పేరు చెక్కిన గడియారాలు వద్దండి. గడియారాలు ఇప్పటికే మూడున్నాయి. "ఇది ఫలానా దానికే వాడాలి" అని చెక్కు వెనక రాయకండి, ఆ డబ్బు బ్యాంకులో పడి ఉంటుంది, పక్కన కరెంటు బిల్లు కట్టడానికి ఉండదు. మీకు వీలైనంతే నెలనెలా వెళ్లేటట్టు బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. రసీదు పుస్తకంలో "దేని నిమిత్తం" అని ఒక గీత ఉంటుంది, అక్కడ "ఏ ఖర్చుకైనా" అని రాయించండి.